హక్కు మనది, లాయరు ఫీజూ మనదేనా?

2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక చిన్న ప్రతిపాదన చేశారు. రోడ్డు ప్రమాద బాధితులకు మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ ఇప్పించే వడ్డీ మీద ఇకపై ఆదాయపు పన్ను ఉండదని, టీడీఎస్ కోత కూడా ఉండదని చెప్పారు. కాలో చెయ్యో పోగొట్టుకుని ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగిన కుటుంబాలకు ఇది మేలు చేసేదే. మేమూ స్వాగతిస్తున్నాం.

అయితే ఆ డబ్బు చేతికి రావడానికి పెట్టిన ఖర్చు సంగతేమిటి? లాయరు ఫీజు, డాక్టరు సర్టిఫికెట్లు, ఆటో చార్జీలు, వాయిదా వాయిదాకీ పోయిన కూలి. వికలాంగులు తమకు రావలసిన పింఛను కోసమో పరిహారం కోసమో పెట్టే ఈ ఖర్చును మన పన్ను చట్టం లెక్కలోకి తీసుకుంటుందా? పన్నుల నిపుణులు అడగాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ దళిత వాడల్లో మంచానికి అతుక్కుపోయిన మనుషుల వైపు నుంచి చూస్తే, న్యాయం ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందన్నది ఈ ప్రశ్నతోనే బయటపడుతుంది.

ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. జనాభాలో 2.21 శాతం. ఎస్సీల్లో మాత్రం అది 2.45 శాతం. ఎస్సీ, ఎస్టీలు కాని ఇతరుల్లో 2.18 శాతం. ఈ తేడా ఊరికే రాలేదు. పురుగుమందు కొట్టేది ఎవరు, పరంజా ఎక్కేది ఎవరు, మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఎవరు, లారీ మీద బస్తాల పైన కూర్చుని పనికి పోయేది ఎవరు అని అడిగితే జవాబు మనకు తెలుసు. వైకల్యానికి వైద్య కారణం ఉన్నట్టే కులం కారణం కూడా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగ పింఛను నెలకు రూ.6,000. తెలంగాణలో రూ.4,016. దాన్ని రూ.6,000 చేస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ హామీ ఇచ్చింది. మాదిగ దండోరా ఉద్యమం నుంచి వచ్చిన మందకృష్ణ మాదిగ వికలాంగుల పింఛను పోరాటంలోనూ ముందు నిలబడటం యాదృచ్ఛికం కాదు. ఆ పింఛను క్యూలో మనవాళ్లు ఎందరున్నారో ఉద్యమానికి తెలుసు.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పింఛన్లకు వైద్య పునఃపరిశీలన చేపట్టింది. ఆగస్టులో పెద్ద సంఖ్యలో నోటీసులు వెళ్లాయి. ఏళ్లుగా పింఛను తీసుకుంటున్న వాళ్లకు వైకల్యం 40 శాతం కన్నా తక్కువ అనో, తాత్కాలికం అనో కాగితం వచ్చింది. నిరసనలు లేచాక, అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం చెప్పింది. అనర్హులను ఏరివేయడం తప్పని మేము అనడం లేదు. తన వైకల్యాన్ని మళ్లీ నిరూపించుకునే ఖర్చు మాత్రం పింఛనుదారుడి మీదే పడింది. అప్పీలు రాయించుకోవాలి, సదరం క్యాంపుకు పోవాలి, నడవలేని మనిషికి తోడు ఒకరు రావాలి. ఆ తోడు వచ్చినవాళ్ల కూలి కూడా ఆ రోజు పోతుంది.

పన్ను చట్టం ఏం చూస్తుంది?

ఏప్రిల్ 1, 2026 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చేలా ఏర్పాటు జరిగింది. సెక్షన్ల అంకెలు మారుతున్నాయి. అందరికీ అలవాటైన పాత అంకెలతోనే ఇక్కడ చెబుతున్నాం.

వికలాంగులకు పన్ను చట్టంలో ఉన్న ప్రధానమైన రాయితీ 80యూ సెక్షన్. వైకల్యం 40 శాతం దాటితే ఆదాయంలోంచి రూ.75,000, 80 శాతం దాటితే రూ.1,25,000 తగ్గించి పన్ను లెక్కిస్తారు. వికలాంగులైన కుటుంబ సభ్యులను పోషించే వాళ్లకు 80డీడీ కింద ఇదే మొత్తం. ఖర్చుల బిల్లులు అడగరు. లాయరుకు ఎంత ఇచ్చావని కూడా అడగరు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకుంటే ఈ రెండూ వర్తించవు. ఇప్పుడు ఏమీ ఎంచుకోకపోతే వర్తించేది ఆ కొత్త విధానమే.

ఈ రాయితీ విలువ ఎవరికి ఎంత? తీవ్ర వైకల్యం ఉన్న ముగ్గురిని తీసుకుందాం. 30 శాతం శ్లాబులో ఉన్న అధికారికి రూ.1,25,000 మినహాయింపు వల్ల రూ.37,500 పన్ను మిగులుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి రూ.25,000. కూలి చేసుకుని బతికి, ఇప్పుడు అదీ చేయలేని మనిషికి సున్నా. వైకల్యం ముగ్గురిదీ ఒకటే. ఎక్కువ సంపాదించేవారికి ఎక్కువ, ఏమీ లేనివారికి ఏమీ లేదు. పన్ను మినహాయింపు అనే పనిముట్టు ఎక్కడైనా ఇలాగే పనిచేస్తుంది.

ఇక లాయరు ఫీజు. జీతం ఆదాయంలోంచి తగ్గించదగినవి ఏవో 16వ సెక్షన్‌లో రాసి ఉన్నాయి. స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను లాంటివి. అందులో కోర్టు ఖర్చు లేదు. వికలాంగుల కోటాలో రావాల్సిన పదోన్నతి కోసం కోర్టుకు వెళ్లిన ఉద్యోగి గెలిచి బకాయిలు అందుకుంటే, ఆ బకాయిల మీద పన్ను కట్టాలి. వాటిని రాబట్టడానికి లాయరుకు ఇచ్చిన సొమ్ము మాత్రం తగ్గదు.

పరిహారం సంగతి ఇంకొంచెం విడమరిచి చూడాలి. లారీ గుద్ది కాలు పోయిన ఒక వ్యవసాయ కూలీకి ట్రిబ్యునల్ రూ.10 లక్షల పరిహారం, 6 శాతం వడ్డీతో ఇప్పించిందనుకుందాం. కేసు 5 ఏళ్లు నడిస్తే వడ్డీ రూ.3 లక్షలు. అసలు పరిహారానికి పన్ను లేదు. వడ్డీ విషయంలో హైకోర్టుల దాకా వివాదం నడిచింది. క్లెయిము వేసిన రోజు నుంచి తీర్పు దాకా వచ్చే వడ్డీ పన్ను వేయదగిన ఆదాయం కాదని బాంబే హైకోర్టు 2019లో చెప్పింది. ఆదాయపు పన్ను శాఖ దారి వేరు. వడ్డీ రూ.50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోత. పాన్ కార్డు లేకపోతే 20 శాతం.

అంటే మన కూలీకి రూ.3 లక్షల వడ్డీలో రూ.30,000 కోత పడుతుంది. పాన్ లేకపోతే రూ.60,000. నిజానికి ఆయన కట్టాల్సిన పన్ను ఏమీ లేదు. పరిహారం మీద వడ్డీలో సగాన్ని 57వ సెక్షన్ నాలుగో క్లాజు కింద మినహాయిస్తారు. మిగతా లక్షన్నర పన్ను పరిమితిలోపే ఉంటుంది. కానీ కోసిన డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. బడ్జెట్ ప్రతిపాదన తీర్చేది ఈ బాధనే.

ఇప్పుడు లాయరు సంగతి చూద్దాం. చేతికొచ్చిన రూ.13 లక్షల్లో 15 శాతం ఫీజుగా ఇచ్చాడనుకుంటే రూ.1,95,000. అదే నాలుగో క్లాజులో ఇంకో మాట ఉంది. సగం మినహాయింపు ఇచ్చాక ఈ వడ్డీ మీద వేరే ఏ మినహాయింపూ ఇవ్వకూడదు. లాయరుకు ఎంత ఇచ్చినా లెక్కలోకి రాదు. పన్ను శాఖ కోసిన రూ.30,000 తిరిగి వచ్చే డబ్బు. లాయరుకు పోయిన రూ.1,95,000 తిరిగి రాదు. సర్కారు చిన్న కోతను ఆపుతోంది, పెద్ద కోతను చూడటం లేదు.

ఇంకో లోటు కూడా ఉంది. బడ్జెట్ మాట మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వడ్డీకే పరిమితం. క్రషర్‌లో చెయ్యి నలిగిన కూలీకి, కట్టడం మీద నుంచి పడ్డ మేస్త్రీకి ఆలస్యమైన పరిహారం మీద వచ్చే వడ్డీ గురించి అందులో మాట లేదు. రోడ్డు మీద పోయిన కాలుకూ పనిచోట పోయిన కాలుకూ తేడా ఎందుకు?

ఎదుటి పక్షం ఫీజు ఎవరు భరిస్తున్నారు?

అసలు అన్యాయం ఇక్కడ ఉంది. కూలీకి వ్యతిరేకంగా వాదించే బీమా కంపెనీ కూడా లాయరుకు ఫీజు ఇస్తుంది. అది కంపెనీ ఖర్చుల్లో పడి, లాభం ఆ మేరకు తగ్గి, పన్నూ తగ్గుతుంది. ఫ్యాక్టరీ యజమానికీ అంతే. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చును 37వ సెక్షన్ కింద ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. నీకు పరిహారం ఇవ్వనని కోర్టులో పోరాడిన ఖర్చు కూడా అందులోదే.

పింఛను ఆపిన ప్రభుత్వం మీద కేసు వేస్తే ప్రభుత్వ న్యాయవాది ఫీజు ఖజానా నుంచి పోతుంది. ఆ ఖజానాలో మన డబ్బూ ఉంది. ఆదాయపు పన్ను కట్టకపోయినా సబ్బు బిళ్ల మీద, చెప్పుల జత మీద జీఎస్‌టీ కడుతూనే ఉన్నాం. అంటే హక్కును కాదనేవాళ్ల ఫీజులో అందరికీ వాటా ఉంది. హక్కు అడిగేవాళ్ల ఫీజు వాళ్లొక్కరిదే.

అందులోనూ మన లాయరు ఫీజుకు చాలాసార్లు రసీదే ఉండదు. కేసు గెలిస్తే వచ్చేదాంట్లో వాటా తీసుకుంటానని లాయరు ఒప్పందం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం స్పష్టంగా ఉంది. అయినా ప్రమాద కేసుల్లో ఇన్ని శాతమని మాట్లాడుకోవడం జిల్లా కోర్టుల చుట్టూ తిరిగే వాళ్లకు కొత్త కాదు. ముందు డబ్బు పెట్టలేని కుటుంబం దానికి ఒప్పుకుంటుంది. నియమానికి విరుద్ధం కాబట్టి కాగితం మీద ఏమీ ఉండదు. రేపు చట్టం మార్చి లాయరు ఫీజుకు మినహాయింపు ఇచ్చినా చూపించడానికి మన దగ్గర రుజువు ఉండదు.

అమెరికా అనుభవం ఏం చెబుతోంది?

ఈ ప్రశ్న మీద ఎక్కువ చర్చ నడిచిన దేశం అమెరికా. అక్కడ పని చేయలేని స్థితికి వచ్చినవాళ్లకు సోషల్ సెక్యూరిటీ కింద నెలవారీ భృతి ఇస్తారు. దరఖాస్తు తిరస్కరిస్తే లాయరును పెట్టుకుని అప్పీలుకు వెళతారు. గెలిస్తే వచ్చే పాత బకాయిల్లో లాయరు 25 శాతం తీసుకోవచ్చు. అందుకు మామూలు ఒప్పందాల్లో గరిష్ఠ పరిమితి కూడా ఉంది. 2024 నవంబరు చివర్లో దాన్ని 9,200 డాలర్లు చేశారు. మన దగ్గర చాటుగా జరిగేది అక్కడ కాగితం మీద, పరిమితితో జరుగుతుంది.

ఏడాది చివర ప్రభుత్వం పంపే పన్ను పత్రంలో లాయరుకు పోయిన సొమ్ము కూడా లబ్ధిదారుడికి వచ్చినట్టే చూపిస్తారు. గతంలో భృతిలో పన్ను పడే భాగానికి సంబంధించిన ఫీజును కొన్ని షరతులతో మినహాయించుకునే వీలుండేది. 2017లో తెచ్చిన పన్ను చట్టం 2018 నుంచి దాన్ని నిలిపేసింది. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ నిలుపుదలను శాశ్వతం చేసింది. కార్పొరేట్ పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించింది కూడా ఆ 2017 చట్టమే. అక్కడా కంపెనీల లాయరు ఫీజు వ్యాపార ఖర్చుగా తగ్గుతూనే ఉంది.

ఇంకో విషయం కూడా గమనించాలి. వైకల్యం కారణంగా వివక్ష చూపారని యజమాని మీద కేసు వేసి గెలిస్తే, ఆ లాయరు ఫీజుకు అమెరికాలో 2004 చట్టం కింద మినహాయింపు ఉంది. పౌరహక్కుల కోసం పోరాడినవారి ఖర్చును గుర్తించాలన్న వాదన అక్కడ గెలిచింది. భృతి కోసం పోరాడినవారి ఖర్చుకు ఆ గుర్తింపు దక్కలేదు. మరీ పేదలకు ఇచ్చే భృతి మీద అక్కడ పన్నే లేదు కాబట్టి, మినహాయింపు ఉన్న రోజుల్లో కూడా వాళ్లకు ఒరిగింది లేదు. మనం నేర్చుకోవలసింది ఇదే. పన్ను మినహాయింపు ఒక ప్రభుత్వం ఇస్తుంది, ఇంకో ప్రభుత్వం తీసేస్తుంది. ఉన్నన్నాళ్లూ అట్టడుగున ఉన్నవాళ్లను మాత్రం అది తాకదు.

జవాబు మన చట్టాల్లోనే ఉంది

పన్ను తగ్గించమని అడగడం కన్నా బలమైన సూత్రం ఒకటి మన చేతిలో ఉంది. రాజ్యాంగంలోని 39ఏ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యత చేసింది. దాన్ని అమలు చేయడానికి 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు, కార్మికులకు ఆదాయ పరిమితితో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. దళిత వికలాంగ మహిళకు ఒకే సెక్షన్ కింద మూడు దారుల్లో అర్హత. లాయరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, ఇతర ఖర్చులు కూడా ఆ సంస్థే భరించాలి. కోర్టు అంటే జిల్లా కోర్టు ఒక్కటే కాదు. ట్రిబ్యునళ్లు, న్యాయ నిర్ణయాధికారం ఉన్న ఇతర అధికారులు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తారు. కేసు దాకా పోకముందు సలహా ఇవ్వడం కూడా న్యాయ సేవే.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకో దారి చూపింది. సర్టిఫికెట్‌లో అన్యాయం జరిగిందనుకుంటే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఇతరులకు ఇచ్చే అలాంటి పథకాల కన్నా వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ సాయం ఉండాలని 24వ సెక్షన్ చెబుతోంది. వికలాంగులకు బతుకు ఖర్చు ఎక్కువన్న సంగతిని చట్టం అలా ఒప్పుకుంది. హక్కు సాధించుకునే ఖర్చు కూడా ఎక్కువేనని ఒప్పుకోవడమే మిగిలింది.

ఆ ఒప్పుకోలు ఇంకో చట్టంలో ఇప్పటికే ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనలు చూడండి. బాధితులు, సాక్షులు విచారణకు వచ్చి పోయే ప్రయాణ ఖర్చు ప్రభుత్వం ఇవ్వాలి. ఇల్లు వదిలి వచ్చిన రోజులకు వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు, ఆ తోడుకూ ఖర్చులివ్వాలి. ఈ డబ్బు వెంటనే, లేదంటే మూడు రోజుల్లోగా అందాలి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టి ఆ ఫీజు చెల్లించే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు ఉంది. దాడిలో పూర్తిగా అశక్తులైతే రూ.8,25,000, సగం కన్నా ఎక్కువ అశక్తులైతే రూ.4,50,000, సగం కన్నా తక్కువైతే రూ.2,50,000 సహాయాన్ని 2016 సవరణ నిర్ణయించింది.

అమలు ఎంత అధ్వానమో ఈ చట్టం కింద కేసు పెట్టిన ప్రతి పల్లెకూ తెలుసు. అయినా ఆ నిబంధన వెనక ఉన్న ఆలోచన గొప్పది. దారి ఖర్చు, పోయిన కూలి, తోడు మనిషి, లాయరు. న్యాయానికి అయ్యే ఈ నాలుగు ఖర్చులనూ అది పేరు పెట్టి గుర్తించింది. బాధితులే పెట్టుకుని తర్వాత పన్నులో తగ్గించుకోమని చెప్పలేదు. ప్రభుత్వమే ఇవ్వాలంది. దళిత ఉద్యమం దశాబ్దాల పాటు పోరాడి చట్టంలోకి ఎక్కించిన సూత్రం ఇది. వికలాంగుల పింఛన్లకూ పరిహారాలకూ దీన్నే విస్తరించమని అడగాలి.

ఏం అడగాలి, ఏం చేయాలి?

మా డిమాండ్లు ఇవి. పింఛను ఆపే ప్రతి నోటీసు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామా ఏదో తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. పునఃపరిశీలనకు పిలిచిన ప్రతిసారీ వికలాంగులకూ తోడు వచ్చినవారికీ దారి ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వాలి. అప్పీలులో ప్రభుత్వ నిర్ణయం తప్పని తేలితే ఆగిన పింఛనుతో పాటు అప్పీలు ఖర్చూ చెల్లించాలి. న్యాయ సహాయం కింద పెట్టే లాయర్లకు గౌరవంగా బతికే ఫీజు ఇవ్వాలి, వాళ్లు బాధితుల దగ్గర పైసా తీసుకోకుండా చూడాలి.

పన్ను చట్టంలోనూ మార్పు రావాలి. వడ్డీ మినహాయింపును పనిచోట ప్రమాదాల పరిహారానికీ వర్తింపజేయాలి. వైకల్యం మీద వివక్షకు వ్యతిరేకంగా పోరాడి గెలిచిన ఉద్యోగి లాయరు ఫీజును, ఏ పన్ను విధానంలో ఉన్నా, ఆ బకాయిల్లోంచి తగ్గించాలి. చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లిన మన పిల్లలకు అది ఉపయోగపడుతుంది. అయితే దాన్ని మొదటి డిమాండ్‌గా పెట్టకూడదు. పన్ను కట్టే స్థాయికి చేరిన కొద్దిమంది కోసం మాట్లాడుతూ, ఆ స్థాయికి రాలేని వాళ్లను మరిచిపోయిన తప్పు మన ఉద్యమాల్లో ఇంతకుముందూ జరిగింది.

చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు. విద్యార్థి సంఘాలు, ముఖ్యంగా లా కాలేజీల్లో చదివే మన పిల్లలు ఒక్కో మండలాన్ని ఎంచుకోవచ్చు. పింఛను ఆగినవారి జాబితా తీసి, నోటీసు తేదీ, సదరం సర్టిఫికెట్ నకలు, కుల ధ్రువీకరణ పత్రం ఒక ఫైలులో పెట్టించాలి. న్యాయ సహాయం కోసం తెల్లకాగితం మీద రాసిన అర్జీ చాలు. మండల న్యాయ సేవా కమిటీకి గానీ, జిల్లా కోర్టు ఆవరణలోని సేవాధికార సంస్థకు గానీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రోడ్డు ప్రమాదమైతే క్లెయిముకు చట్టం పెట్టిన గడువు 6 నెలలే కాబట్టి ఆలస్యం చేయకూడదు. సహాయం కింద వచ్చిన లాయరు డబ్బు అడిగితే అదే సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

అర్జీలు వేయకపోతే అడిగినవాళ్లే లేరని ప్రభుత్వం చెబుతుంది. వేస్తే, ఎన్ని వచ్చాయో ఎన్ని తోసిపుచ్చారో రేపు సమాచార హక్కు చట్టం కింద అడగడానికి మన దగ్గర లెక్క ఉంటుంది. ఈసారి నోటీసు పట్టుకుని ఒక వికలాంగ అక్క మన దగ్గరికి వస్తే, ఫలానా లాయరు దగ్గరికి పొమ్మని పంపేయకుండా ఆమెతో కూర్చుని ఆ తెల్లకాగితం రాద్దాం.